తిరుపతిలో బండికి ఇంజన్ ఆయిల్: ఏ గ్రేడు పోయాలి, ఎక్కడ మార్పించాలి

ఏళ్ల తరబడి నేను నడుపుతున్నది స్ప్లెండర్ ప్లస్. రోజూ తిరుపతి ట్రాఫిక్‌లో ఆఫీసుకు, వీలైన వారం అలిపిరి మీదుగా కొండకు, పని పడితే డెబ్బై కిలోమీటర్ల దూరంలోని చిత్తూరుకు ఈ బండి మీదే వెళ్లివస్తాను. ఊళ్లో ఇంజన్ సరిగా వేడెక్కక ముందే గమ్యం వచ్చేస్తుంది. ఘాట్‌లో రెండో గేరులో చాలాసేపు గట్టిగా లాగవలసి వస్తుంది. హైవే మీద ఒకే వేగంతో గంటకు పైగా నడుస్తుంది. ఒకే ఆయిల్ ఈ మూడు పనులూ చేయాలి కాబట్టి, రకరకాల ఆయిళ్లు వాడి చూసిన మీదట నాకు స్థిరపడిన అభిప్రాయం ఇది: కంపెనీ పుస్తకంలో రాసిన గ్రేడు పోయించాలి, డబ్బా మీది బ్రాండు కన్నా ఆయిల్ మార్చే చేతిని ఎక్కువ పట్టించుకోవాలి.

స్ప్లెండర్‌కు చెప్పిన గ్రేడు 10డబ్ల్యూ-30. ఇందులో మొదటి భాగం ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ ఎంత తేలికగా పారుతుందో చెబుతుంది. రెండో అంకె 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర దాని చిక్కదనాన్ని చెబుతుంది. తిరుపతిలో ఎండ నలభై డిగ్రీలు దాటగానే మెకానిక్కులు చాలామంది "మన ఎండలకు ఇది పల్చనన్నా, ట్వంటీ ఫార్టీ పోద్దాం" అంటారు. ఒక వేసవి అంతా 20డబ్ల్యూ-40 వాడి చూశాను. పొద్దున స్టార్ట్ చేసిన కాసేపటి వరకు గేర్లు బిరుసుగా పడ్డాయి, మైలేజీ కొంత తగ్గింది, ఘాట్ ఎక్కేటప్పుడు చెప్పుకోదగ్గ లాభమేమీ కనిపించలేదు. బయటి ఎండ నలభై అయినా నలభై మూడు అయినా, లోపల ఆయిల్ పనిచేసేది అంతకు రెట్టింపు దాటిన వేడిలో. ఆ వేడిని లెక్కలోకి తీసుకునే కంపెనీ గ్రేడును నిర్ణయిస్తుంది.

గ్రేడు కన్నా తక్కువమంది చూసేది జాసో గుర్తు, అంటే ఆయిల్ ఎలాంటి క్లచ్ ఉన్న బండికి పనికొస్తుందో చెప్పే జపాన్ ప్రమాణం. స్ప్లెండర్‌లో క్లచ్ ప్లేట్లు ఇంజన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి కనుక డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని ఉండి తీరాలి. కారుకు పోయగా మిగిలిన ఆయిల్‌ను బైకులో వాడేవారు మన చుట్టూ ఉన్నారు. కారు ఆయిళ్లలో చాలావాటికి రాపిడి తగ్గించే రసాయనాలు కలుపుతారు. వాటితో క్లచ్ జారి, ఎక్కుడులో ఇంజన్ శబ్దం పెరుగుతుందే గాని బండి ముందుకు లాగదు. మా ఇంట్లోని యాక్టివా సంగతి వేరు. దాని క్లచ్ పొడిగా పనిచేస్తుంది కాబట్టి దానికి జాసో ఎంబీ ఆయిల్ వాడతాం. రెండు బండ్లకూ 10డబ్ల్యూ-30 అని రాసి ఉన్నంత మాత్రాన ఒకే డబ్బా సరిపోదు.

ఫుల్ సింథటిక్ అనే ఖరీదైన, రసాయనికంగా తయారుచేసిన ఆయిల్ కూడా వాడాను. గేర్లు మెత్తగా పడ్డ మాట నిజమే. అయితే ఈ ఇంజన్‌లో మార్చుకునే కాగితపు ఫిల్టర్ ఉండదు, జల్లెడ, గిర్రున తిరుగుతూ మురికిని వేరుచేసే సెంట్రిఫ్యూగల్ ఫిల్టర్ మాత్రమే ఉంటాయి. అందుకే ఖరీదైన ఆయిల్‌ను ఎక్కువ కాలం ఉంచడం కన్నా మామూలు మినరల్ ఆయిల్‌ను మూడు వేల కిలోమీటర్లకు ఒకసారి మార్చడమే నాకు నచ్చింది.

ఇక ఎక్కడ మార్పించాలన్నది. వారంటీ ఉన్నంత కాలం అధీకృత సర్వీస్ సెంటర్‌కే వెళ్లాలి, బిల్లులు దాచుకోవాలి. ఆ తర్వాత నేను బయటి మెకానిక్‌కు మారిపోయాను. నేను వెళ్లిన ఒక సెంటర్‌లో బండి లోపలికి వెళ్లాక మనం చూడడానికి వీలుండేది కాదు. ఇంటికొచ్చి చూస్తే ఆయిల్ డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం కొలిచే పుల్ల) మీది పై గీత దాటి ఉంది. ఆయిల్ ఎక్కువైతే తిరిగే భాగాలు దాన్ని చిలికి నురగ తెప్పిస్తాయి, నురగ పట్టిన ఆయిల్ సరిగా కాపాడదు.

ఇప్పుడు కరకంబాడి రోడ్డు వైపు ఒక చిన్న షెడ్డులో మార్పిస్తున్నాను. అక్కడి మెకానిక్ ముందు ఇంజన్‌ను కాసేపు నడిపి, బండిని సెంటర్ స్టాండ్ మీద నిలబెట్టి, డ్రెయిన్ బోల్టు విప్పి, చివరి చుక్కలు పడేదాకా తొందరపడకుండా ఆగుతాడు. కంప్రెసర్ గాలి కొట్టడు, కిరోసిన్‌తో కడగడు. ఆ కిరోసిన్ లోపల కొంత మిగిలినా కొత్త ఆయిల్ పల్చబడుతుంది. బోల్టు కింది వాషర్ నలిగి ఉంటే మారుస్తాడు. బోల్టును ముందు చేత్తో తిప్పి, మర సరిగా పట్టిందని తెలిశాకే స్పానర్ వేస్తాడు, ఎందుకంటే అల్యూమినియం కేసులో మర పోతే ఖర్చు పెద్దది. పోశాక ఇంజన్ నడిపి, ఆపి, రెండు మూడు నిమిషాల తర్వాత డిప్‌స్టిక్ తుడిచి, బిగించకుండా ఊరికే దించి చూస్తాడు. మరలోకి తిప్పి చూస్తే కొలత తప్పుగా వస్తుంది.

ఆయిల్ మాత్రం నేనే కొంటాను. పెట్రోల్ బంకులో సర్వో, హెచ్‌పీ, మ్యాక్ డబ్బాలు సీలుతో దొరుకుతాయి. మూత కింది రేకు, తయారీ తేదీ చూసి తీసుకుంటాను. డ్రమ్ములోంచి కొలిచి పోసే లూజ్ ఆయిల్ ఎంత చవకైనా వద్దు, అది ఏ గ్రేడో తేల్చుకునే దారి లేదు. ఖాళీ డబ్బాను అక్కడే కోయించి పడేయిస్తాను. పనికొచ్చే డబ్బా నకిలీ ఆయిల్ నింపేవాళ్ల చేతికి చేరుతుంది. దించిన ఆయిల్ కాలువలోకి పోకుండా క్యాన్‌లో పట్టి, సేకరించేవారికి ఇచ్చే షెడ్డునే ఎంచుకోండి.