ఇంటికి వేగమైన స్కానర్: మూడేళ్లు వాడాక నా అనుభవం

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు సీతమ్మధారలోని మా ఇంటి కిటికీ అద్దాలు పగిలి, వాన నీరు మంచం కింది ట్రంకు పెట్టె దాకా వచ్చింది. అందులో నాన్న దాచిన కాగితాలు, అమ్మ దాచిన ఫోటోలు ఉన్నాయి. తుపాను వెళ్లాక కరెంటు లేదు, ఫ్యాన్ కింద ఆరబెట్టే వీలూ లేదు. డాబా మీద దుప్పటి పరిచి ఒక్కొక్కటీ ఎండబెట్టాం. కొన్ని ఫోటోలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి, వాటిని ఇప్పటికీ విడదీయలేదు. మిగిలినవన్నీ స్కాన్ చేసి తీరాలని ఆ రోజే అనుకున్నాను.

మొదట కొన్నది చవకలో దొరికే సన్నని ఫ్లాట్‌బెడ్, అంటే అద్దం మీద కాగితం బోర్లించి తీసే స్కానర్. క్వాలిటీకి వంక పెట్టలేం. ఓపిక మాత్రం చాలా కావాలి. మూత ఎత్తి, కాగితం సర్ది, ప్రివ్యూ చూసి, స్కాన్ చేసి, మళ్లీ మూత ఎత్తి రెండో వైపు తిప్పేసరికి రెండు నిమిషాలు పట్టేది. ఏ4 అద్దం మీద 4×6 అంగుళాల ఫోటోలు మూడే పడతాయి. రెండు వరుసల్లో నాలుగు పెడదామంటే పొడవులో సుమారు ఎనిమిది మిల్లీమీటర్లు చాలదు. అలా నాలుగేళ్లు గడిచాయి, పెట్టెలో పావు వంతు కూడా తరగలేదు.

అప్పుడు కాగితాల దొంతర పెడితే తనే లాక్కుని రెండు వైపులా ఒకేసారి తీసే షీట్‌ఫెడ్ స్కానర్ తీసుకున్నాను. మూడేళ్లలో దాదాపు 1,400 కాగితాలు, 900 ఫోటోలు దాంట్లోంచి వెళ్లాయి. నా మోడల్ పేరు రాయడం లేదు. మోడళ్లు మారిపోతూ ఉంటాయి, ఏం చూసి ఎంచుకోవాలో తెలిస్తే చాలు.

ముందుగా బాక్సు మీద రాసిన వేగం సంగతి. అది ఏ డీపీఐకి (అంగుళానికి ఎన్ని చుక్కలుగా తీస్తుందన్న లెక్క) రాశారో చూడండి. ఉదాహరణకు స్కాన్‌స్నాప్ ఐఎక్స్1600 వివరాల్లో 300 డీపీఐకి నిమిషానికి 40 పేజీలని ఉంటుంది, 600కి వెళ్తే అదే 10 పేజీలు. ఫోటోల కోసమే చేసిన ఎప్సన్ ఫాస్ట్‌ఫోటో ఎఫ్ఎఫ్-680డబ్ల్యూకి చెప్పే సెకనుకో ఫోటో వేగం కూడా 300 డీపీఐ లెక్కే. 4×6 ఫోటోని 300లో తీస్తే 1200×1800, అంటే దాదాపు 21.6 లక్షల పిక్సెళ్లు. 600లో 86 లక్షలు దాటుతాయి. ఫోన్లో చూసుకోవడానికి మొదటిది సరిపోతుంది. పెద్ద ప్రింటు తీయించాలన్నా, గ్రూపు ఫోటోలో వెనక వరుసలో నిలబడ్డవాళ్ల ముఖం పెద్దది చేసి చూడాలన్నా 600 కావాలి. నేను కాగితాలకు 300, ఫోటోలకు 600 పెట్టుకున్నాను.

కాగితాల విషయంలో ఈ మెషీన్ మీద నాకు ఒక్క ఫిర్యాదూ లేదు. పన్ను రశీదులు, పాలసీలు, బ్యాంకు కాగితాలు అన్నీ రెండు ఆదివారాల్లో అయిపోయాయి. అంతకన్నా ఎక్కువ సమయం తుప్పు పట్టిన గుండుసూదులు తీయడానికే పట్టింది. ఒక్క పిన్ను మిగిలినా లోపలి అద్దం గీసుకుపోతుంది, అందుకే ప్రతి మూలా వేలితో తడిమి చూసేవాణ్ణి. మడతల దగ్గర చిరిగిన పాత స్టాంపు పేపర్లను మాత్రం నేరుగా రోలర్లకు ఇవ్వకండి. పారదర్శకంగా ఉండే క్యారియర్ షీట్‌లో పెట్టి పంపాలి. అసలు దస్తావేజు అయితే నేను ఆ సాహసం కూడా చేయను, ఫ్లాట్‌బెడ్ మీదే తీస్తాను. రెండు కాగితాలు కలిసి వెళ్తే ఆపేసే అల్ట్రాసోనిక్ సెన్సర్ తప్పకుండా ఉండాలి. చెమ్మ పట్టిన కాగితాలు అతుక్కునే మన ఊళ్లో అది చాలా అవసరం.

ఫోటోల దగ్గర నాకు పెద్ద దెబ్బే తగిలింది. జిగురు పేజీల ఆల్బమ్‌లోంచి తీసిన ఫోటోలను అలాగే పెట్టేశాను. ఆ రాత్రి కంప్యూటర్‌లో చూస్తే 43 ఫోటోల్లో పైనుంచి కింది దాకా సన్నని ఆకుపచ్చ గీత ఉంది. అక్క పెళ్లి ఫోటోల్లో అది సరిగ్గా ఆమె ముఖం మీదుగా వెళ్లింది. మూత తెరిచి టార్చి వేసి చూస్తే అద్దం మీద ఆవగింజలో సగం కూడా లేని జిగురు చుక్క కనిపించింది. ఫ్లాట్‌బెడ్‌లో దీపం కదులుతుంది కాబట్టి మరక పడితే చుక్కలాగే వస్తుంది. ఇక్కడ కదిలేది ఫోటో, అందుకే చుక్క గీతగా మారుతుంది. అన్నీ మళ్లీ తీశాను. ఇప్పుడు ప్రతి యాభై ఫోటోలకూ ఆపి మెత్తని గుడ్డతో అద్దం తుడుస్తాను. సముద్రపు గాలి తగిలే ఇళ్లలో వాడకపోయినా అద్దం మీద సన్నని పొర పేరుకుంటుంది, వారానికోసారి చూసుకోవాలి.

ఇంతకీ పాత ఫ్లాట్‌బెడ్ ఇచ్చేస్తే ఎక్స్ఛేంజ్ ధర ఇస్తామని, ఇకపై దాంతో పనే ఉండదని ఒక షాపులో గట్టిగా చెప్పారు. ఇవ్వకపోవడం మంచిదైంది. కాకపోతే దానికీ ఒక హద్దుంది. నాయనమ్మ ఫోటో ఫ్రేము అద్దానికి అతుక్కుపోయింది, లాగితే ముఖమే ఊడి వచ్చేలా ఉంది. అద్దంతో సహా స్కాన్ చేద్దామంటే మసకగా వచ్చింది. సన్నని ఫ్లాట్‌బెడ్‌లలో ఉండేది సీఐఎస్ సెన్సర్, అది అద్దానికి ఆనుకున్నదాన్నే స్పష్టంగా పట్టుకుంటుంది. కొంచెం ఎత్తులో ఉన్నవి కూడా చక్కగా రావాలంటే సీసీడీ సెన్సర్ ఉన్నది కావాలి. స్నేహితుడి దగ్గర అలాంటి బరువైన పాత ఫ్లాట్‌బెడ్ ఉంటే తెచ్చి దానిమీద పెట్టాను. నాయనమ్మ ముక్కుపుడక రాయి కూడా కనబడింది.

రెండు వైపులా తీసే స్కానర్ వల్ల నేను ఊహించని మేలు ఒకటి జరిగింది. ఫోటోల వెనక నాన్న పెన్సిల్‌తో రాసిన మాటలు కూడా వచ్చాయి. "సింహాచలం మెట్ల దగ్గర, 1983." ముందు ఆ వెనక వైపులు ఎవరు తిప్పి చూశారని? పోర్టు ఉద్యోగంలో తీరిక లేని మనిషి ఇవన్నీ ఎప్పుడు రాశారో!

స్కాన్ అయ్యాక పేర్లు పెట్టాలి. ఈ పని ఏ మెషీనూ చేయదు. చేతిరాత లేని ఫోటోలకు అమ్మే దిక్కు. ఆమెకు 78 ఏళ్లు. నేను కొత్త స్కానర్ కొనడానికి అసలు కారణం ఇదే. ఫ్లాట్‌బెడ్‌తో ఆ పెట్టె పూర్తయ్యేసరికి ఇంకో పదేళ్ల పైనే పట్టేది, అప్పటికి ఎవరిని అడగాలి? ఇప్పుడు రోజూ సాయంత్రం టీ తాగాక ఇరవై ఫోటోలు టీవీలో పెడతాను.

"ఇదెవరమ్మా?"

"మీ పెద్దత్త ఆడపడుచు రా. భీమిలిలో ఉండేది. ఆ చీర నాదే, ఆ రోజు అడిగి కట్టుకుంది."

అది కూడా ఫైలు పేరులోనే రాసుకుంటాను.

ఖర్చు విషయానికొస్తే, మంచి షీట్‌ఫెడ్ తక్కువలో రాదు. ఏడాదికి వంద కాగితాలైతే ఫోన్ యాప్ చాలు, కొనకండి. రోలర్లు అరుగుతాయి, కొనేముందే ఆ మోడల్‌కు విడిగా దొరుకుతాయో లేదో అడగండి. నా దాంట్లో ఈమధ్య నున్నని ఫోటోలు జారి ఆగిపోతున్నాయి, కొత్త రోలర్లకు ఆర్డర్ పెట్టాను. అవి వచ్చేలోపు అనకాపల్లి నుంచి పెద్దమామయ్య తన ఆల్బమ్‌లు పంపిస్తానన్నారు. జిగురు పేజీలవి అయితే ముందే చెప్పమన్నాను.