విలువైన కాగితం పంపాలంటే స్పీడ్ పోస్టా, కొరియరా?

పొలం కాగితాల నకళ్లు ఊళ్లో ఉన్న పెద్దనాన్నకు పంపాల్సి వచ్చింది. కొరియర్ ఆఫీసు మా వీధిలోనే ఉంది, పోస్టాఫీసుకైతే బస్సెక్కాలి. దగ్గర కదా అని కొరియర్‌లో వేశాను. మూడో రోజు పెద్దనాన్నకు ఫోనొచ్చింది: "మీ ఊరికి మా సర్వీసు లేదండీ, టౌనుకొచ్చి తీసుకెళ్లండి." డెబ్బై దాటిన మనిషి ఎండలో ఆటో ఎక్కి వెళ్లి తెచ్చుకున్నారు. ఆ బాధతోనే ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడటం మొదలుపెట్టాను.

నగరం నుంచి నగరానికైతే కొరియర్ మంచిదే. రాత్రి ఎనిమిదింటికి కూడా కవరు తీసుకుంటారు, అడిగితే ఇంటికొచ్చి పట్టుకెళ్తారు. విదేశాల్లో ఉన్న పిల్లలకు పచ్చళ్లు పంపాలన్నా ప్యాకింగ్‌తో సహా వాళ్లే చూసుకుంటారు. పోస్టాఫీసు కౌంటరు దగ్గర ఆ సుఖం ఉండదు, లైనులో నిలబడాల్సిందే.

ఊరి సంగతికొస్తే లెక్క మారిపోతుంది. దేశంలో 1,64,000కు పైగా పోస్టాఫీసులుంటే, పదింట తొమ్మిది పల్లెల్లోనే ఉన్నాయి. మా ఊరి బ్రాంచి పోస్టాఫీసు అంటే ఒక ఇంటి ముందు గది, ఒక బల్ల, గోడకు ఎర్ర డబ్బా. రోజుకు నాలుగైదు గంటలు పనిచేసే గ్రామీణ డాక్ సేవకులే దాన్ని నడుపుతారు. కవరు మీద ఇంటి నంబరు లేకపోయినా ఇంటిపేరు, తండ్రి పేరు చూసి ఏ గుమ్మం ఎక్కాలో చెప్పగలరు. లాభం రాదని ఏ కంపెనీ అయినా ఒక ఊరిని వదిలేసుకోవచ్చు. ప్రభుత్వ తపాలా అలా వదిలేయకూడదు, అది ఉన్నదే అందుకు. ఈ ఒక్క కారణం చాలు నేను దాని పక్షాన నిలబడటానికి.

ధర చూడండి. 2025 అక్టోబరు 1 నుంచి వచ్చిన రేట్లలో 50 గ్రాముల లోపు స్పీడ్ పోస్టుకు అదే ఊళ్లో అయితే 19 రూపాయలు, బయటికైతే 47, జీఎస్టీ అదనం. ఇచ్ఛాపురం నుంచి పక్క జిల్లాకు పంపినా, కశ్మీరుకు పంపినా ఆ 47 రూపాయలే.

అన్నిటికన్నా ముఖ్యమైంది చట్టం. చెక్కు బౌన్స్ అయిందనుకోండి. బ్యాంకు నుంచి ఆ సమాచారం అందిన 30 రోజుల్లోపు మీరు నోటీసు ఇవ్వాలి. అవతలివాడు "నాకు అందలేదు" అంటే? సరైన చిరునామా రాసి, చార్జీ కట్టి, రిజిస్టర్డ్ పోస్టులో పంపిన కాగితం అందినట్టే భావించాలని 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 27వ సెక్షన్ చెబుతోంది. కాదన్నవాడే అది నిరూపించుకోవాలి. కోర్టు ఆమోదించిన కొరియర్లలో సమన్లు పంపే వీలు ఉన్నా, ఈ సెక్షన్ పలికిన పేరు మాత్రం రిజిస్టర్డ్ పోస్టుదే.

ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. రిజిస్టర్డ్ పోస్టును 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు. దాంతో "ఇక రిజిస్ట్రేషనే లేదు" అనుకుని మామూలు స్పీడ్ పోస్టు చేసి వచ్చేస్తున్నారు. రిజిస్ట్రేషన్ పోలేదు, అడిగి చేయించుకోవాలి. దానికి అదనంగా అయ్యేది 5 రూపాయలు, పైన జీఎస్టీ. అప్పుడు కవరును చిరునామాదారుడి చేతికో, ఆయన అధికారమిచ్చిన మనిషి చేతికో మాత్రమే ఇస్తారు. పక్కింటివాళ్లకో వాచ్‌మన్‌కో ఇచ్చి వెళ్లడం కుదరదు.

కాబట్టి నోటీసు, ఆస్తి కాగితం, సర్టిఫికెట్, పల్లెకు వెళ్లే ఏ కవరైనా నేను పోస్టులోనే వేస్తాను. కవరు మీద ఆరంకెల పిన్ కోడ్, ఫోన్ నంబరు స్పష్టంగా రాయండి. 'ఈ'తో మొదలై 'ఐఎన్'తో ముగిసే నంబరున్న రసీదును అక్కడే ఫోటో తీసుకోండి, ఆ సిరా కొన్నాళ్లకే వెలిసిపోతుంది.