జీఆర్ఈ పదాలకు ఆంకీ: రెండేళ్లు వాడాక

జీఆర్ఈ ప్రవేశపరీక్ష పదాలు మర్చిపోయే వేళకి మళ్లీ ముందుకు తేవడంలో ఆంకీ అనే ఫ్లాష్‌కార్డుల యాప్‌కి వంక పెట్టలేం. చిక్కంతా కార్డుల్లో ఉంటుంది. నెట్‌లో దొరికే రెడీమేడ్ డెక్కుల్లో (కార్డుల కట్టల్లో) ముందువైపు పదం, వెనక నాలుగు ఇంగ్లిష్ పర్యాయపదాలు. గ్యారులస్ అంటే టాకటివ్, లక్వేషస్, వర్బోస్ అని గడగడా అప్పజెప్పొచ్చు, వాక్యంలో ఎదురైతే మాత్రం తడబాటే. జీఆర్ఈలో సెంటెన్స్ ఈక్వివలెన్స్ అనే ఖాళీ పూరించే ప్రశ్నల్లో ఆరు పదాల్లోంచి రెండు ఎంచుకోవాలి, రెండూ సరైతేనే మార్కు. వాక్యానికి నప్పని పర్యాయపదాల జంటని అక్కడ ఎరగా వేస్తారు. ఈ డెక్కులు చదివినవాళ్లు నేరుగా దానికే చిక్కుతారు.

కార్డులు సొంతంగా రాసుకోవాలి. క్లోజ్ (ఖాళీ పూరించే) రకం ఎంచుకుని, ఒక వాక్యం రాసి, పదం ఉన్నచోట ఖాళీ పెట్టి, మొదటి అక్షరం సూచనగా ఇస్తే చాలు. అర్థానికి తెలుగు నుడికారమే మేలు. అబ్సీక్వియస్: అడుగులకు మడుగులొత్తే రకం. ఎగ్జాసర్బేట్: అగ్నికి ఆజ్యం పోయడం. లకానిక్: ముక్తసరి. అయితే నుడికారం అచ్చంగా అతకని చోట ఆ తేడా కూడా రాయాలి. ప్రివారికేట్‌కి ‘నీళ్లు నమలడం’ చటుక్కున తడుతుంది. కానీ నీళ్లు నమిలేవాడిలో బెరుకే ఉండొచ్చు, ప్రివారికేట్ చేసేవాడు నిజాన్ని దాటవేస్తున్నాడు. ఈ ఒక్క ముక్క లేకపోతే కార్డు తప్పుదారి పట్టిస్తుంది.

ఎనర్వేట్‌ని ఎనర్జీతో ముడిపెట్టి ఉత్సాహపరచడం అనుకుంటారు, అసలు అర్థం నీరసపరచడం. ఇన్‌జెన్యువస్ (కల్లాకపటం లేని), ఇంజీనియస్ (యుక్తిగల) పక్కపక్కనే వస్తే కలగాపులగమే, కాబట్టి రెంటికీ వారం ఎడం పెట్టండి. అందరూ వదిలేసేవి తెలిసిన పదాలే: ఫ్లాగ్ అంటే సడలిపోవడం, క్వాలిఫై అంటే అన్న మాటకి షరతు తగిలించడం, శాంక్షన్ అంటే అనుమతీ, ఆంక్షా కూడా. ఒక్కో అర్థానికి ఒక్కో కార్డు.

సెట్టింగుల్లో రోజుకి కొత్త కార్డులు 20 అని ఉంటుంది. ఉద్యోగం చేసేవాళ్లకి అది ఎక్కువ. కుదురుకున్నాక రోజువారీ రివ్యూలు (పాత కార్డులు మళ్లీ చూడటం) కొత్త కార్డులకి సుమారు పదిరెట్లు అవుతాయి; 20 అంటే 200 అన్నమాట. 8 పెట్టుకుంటే వెయ్యి కార్డులు 125 రోజుల్లో మొదలుపెట్టడం అయిపోతుంది. నాలుగు రోజులు మానేసి కుప్ప పడితే కొత్తవి సున్నా చేసి పాతవి తీర్చండి. 23.10 వెర్షన్ నుంచి ఉన్న ఎఫ్‌ఎస్‌ఆర్‌ఎస్ (కార్డు మళ్లీ ఎప్పుడు చూపాలో లెక్కగట్టే పద్ధతి) ఆన్ చేసుకోవడం మంచిది. డిజైర్డ్ రిటెన్షన్, అంటే కార్డు వచ్చేసరికి ఎంత శాతం గుర్తుండాలన్న లక్ష్యం, 0.90 దగ్గరే ఉంచండి. 0.95కి పెంచితే రివ్యూలు విపరీతంగా పెరుగుతాయి.

మర్చిపోయిన పదానికి మొహమాటంతో హార్డ్ బటన్ నొక్కడం పెద్ద తప్పు. హార్డ్ అంటే కష్టపడి గుర్తొచ్చింది అని. మర్చిపోతే ఎగైన్ మాత్రమే. లేకపోతే లెక్కంతా చెడుతుంది. ఎనిమిదిసార్లు తప్పిన కార్డుకి లీచ్ అని ముద్ర పడుతుంది. జలగ, సరైన పేరే. దాన్ని మళ్లీ మళ్లీ బట్టీ పట్టకుండా వాక్యం మార్చి కొత్తగా రాయండి.

ఉచ్చారణకి టెక్స్ట్ టు స్పీచ్ ట్యాగ్ కార్డు టెంప్లేట్‌లో పెట్టుకోవచ్చు. అక్షరాలు చూసి చదివితే ఎపిటమీ కాస్తా ఎపిటోమ్ అవుతుంది, హైపర్బలీ హైపర్‌బోల్ అవుతుంది.

కంప్యూటర్‌లో, ఆండ్రాయిడ్‌లో ఉచితం, ఐఫోన్ యాప్ మాత్రం డబ్బిచ్చి కొనాలి. నోట్ టైప్‌లో (కార్డు నమూనాలో) ఫీల్డులు చేర్చాక, తీసేశాక సింక్ చేస్తే అప్‌లోడా, డౌన్‌లోడా అని అడుగుతుంది. తప్పు వైపు నొక్కితే కొత్తగా రాసిన కార్డులు పోతాయి. అందుకే ఆ పనికి ముందు రెండు పరికరాలూ సింక్ చేసి, ఫైల్ మెనూలోంచి బ్యాకప్ తీసుకోండి.