ఆర్ట్స్ మేనేజ్‌మెంట్ స్కాలర్‌షిప్ పేరుతో డబ్బు కట్టించుకుంటున్నారు, జాగ్రత్త

తిరుపతి, చిత్తూరు వైపు నుంచి విదేశాలకు వెళ్లి చదువుకోవాలని చూస్తున్నవాళ్లు, అందులోనూ నాటకం, నాట్యం, సంగీతం, కలంకారీ పనిలో పుట్టి పెరిగిన పిల్లలు, ఏ కన్సల్టెన్సీకైనా రూపాయి కట్టే ముందు ఇది చదవండి. నేను మూడు విడతల్లో 48,000 కట్టాను. మా అమ్మ చీటీ పాడి తెచ్చిన డబ్బు అది.

మాది చిత్తూరు దగ్గర పల్లె. ఎండాకాలం వస్తే మా వైపు ధర్మరాజుల గుళ్ల దగ్గర భారతం మొదలవుతుంది. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. మా చిన్నాన్న ముప్పై ఏళ్లుగా దుర్యోధనుడి వేషం కడుతున్నాడు. నేను డిగ్రీలో ఉన్నప్పటి నుంచి ఆ బృందం లెక్కలు చూస్తున్నా. ఏ ఊరికి ఎన్ని రాత్రులు ఒప్పుకున్నాం, అడ్వాన్సు ఎంత ఇచ్చారు, వ్యాను బాడుగ, మైకుసెట్టు, వానొచ్చి నాటకం ఆగిపోతే ఎవరికి ఎంత ఇవ్వాలి, అన్నీ నా నోటుబుక్కులోనే ఉంటాయి. అర్జున తపస్సు రోజు అంత ఎత్తు మాను ఎక్కే మనిషికి ఇన్సూరెన్స్ చేయించాలని రెండేళ్లు పోట్లాడి చేయించాను. ఈ పనికి ఒక చదువుందని, దాన్ని ఆర్ట్స్ మేనేజ్‌మెంట్ అంటారని, లండన్‌లో కింగ్స్ కాలేజీ, గోల్డ్‌స్మిత్స్ లాంటి చోట్ల దాని మీదే ఎంఏ ఉందని తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

అదే సమయంలో తిరుపతిలోని ఒక కన్సల్టెన్సీ ప్రకటన ఫోన్‌లో కనబడింది. ‘కళారంగంలో ఎదుగుతున్న యువ నాయకులకు విదేశీ స్కాలర్‌షిప్, సీట్లు తక్కువ’ అని ఉంది. అమ్మను తీసుకుని వెళ్లాను. ఏసీ గది, గోడ నిండా వీసాలు పట్టుకుని నవ్వుతున్న పిల్లల ఫొటోలు. అక్కడున్నాయన అమ్మకు కుర్చీ వేసి, ‘మీ పాప ప్రొఫైల్ చాలా అరుదండీ, ఇలాంటి వాళ్ల కోసమే అక్కడ ఫండ్ పెట్టారు’ అన్నాడు. మా వీధినాటకం గురించి ఒక చదువుకున్న మనిషి అంత గౌరవంగా మాట్లాడటం అమ్మ వినడం అదే మొదటిసారి. అక్కడే పడిపోయాం. రిజిస్ట్రేషన్‌కు 8,000, ఎస్‌వోపీ (ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నామో యూనివర్సిటీకి చెప్పే వ్యాసం) రాసిచ్చేందుకు 15,000, ‘స్కాలర్‌షిప్ ప్రాసెసింగ్’కు 25,000. టెన్త్ నుంచి డిగ్రీ దాకా ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా ‘వెరిఫికేషన్’ అని తీసి పెట్టుకున్నారు.

రెండు నెలలకు ఆఫర్ లెటర్, దాంతోపాటు స్కాలర్‌షిప్ లెటర్ వచ్చాయి. స్వీట్లు పంచాం. లెటర్‌లో 4,000 పౌండ్లు అని ఉంది.

పక్క వీధిలో ఎంబీఏకు వెళ్తున్న అబ్బాయి తన లెటర్ చూపించేదాకా నాకు అనుమానమే రాలేదు. అదే యూనివర్సిటీ, అదే 4,000, పేరు తప్ప అక్షరం తేడా లేదు. అప్పుడు నాది మళ్లీ నిదానంగా చదివాను. అందులో కళ అన్న మాట లేదు, నాయకత్వం అన్న మాట లేదు. ట్యూషన్ ఫీజులో తగ్గింపు అని మాత్రమే ఉంది. బయటి దేశాల విద్యార్థులందరికీ ఆ యూనివర్సిటీ తనంతట తానే ఇచ్చే తగ్గింపు అది. దానికి ప్రాసెసింగ్ అంటూ ఏమీ లేదు. ఫీజు 21,000 పౌండ్లలో నేను కట్టాల్సింది ఇంకా 17,000. దానిపైన వీసా కోసం తొమ్మిది నెలల ఖర్చుకు సరిపడా డబ్బు 28 రోజులు బ్యాంకులో కదలకుండా చూపించాలి. అక్కడి ప్రభుత్వ వైద్యం కోసం వీసాతో పాటు కట్టే హెల్త్ సర్‌ఛార్జి ఏడాదికి 776 పౌండ్లు వేరే. అన్నీ కలిపితే ముప్పై లక్షలకు తగ్గదు. ఆఫీసులో అడిగితే ‘లోన్ మేమే ఇప్పిస్తాం, పొలం కాగితాలు తెండి’ అన్నారు. విద్యార్థిని చేర్పిస్తే యూనివర్సిటీ ఏజెంటుకు కమీషన్ ఇస్తుందన్న సంగతి నాకు ఆ తర్వాత తెలిసింది. అంటే రెండు వైపులా తీసుకుంటున్నారు.

నా పేరుతో పంపిన ఎస్‌వోపీ అడిగి తెప్పించుకుని చదివితే కడుపు తరుక్కుపోయింది. ‘చిన్నప్పటి నుంచి సముద్రం ఒడ్డున మా నాన్న పడవ పక్కన నాట్యం సాధన చేశాను’ అని ఉంది. మా ఊరికి సముద్రం లేదు. నేను నాట్యం నేర్చుకోలేదు. మా నాన్న బేల్దారి మేస్త్రీ. ఎవరి కథో తెచ్చి నా పేరు పెట్టారు. చిన్నాన్న వేషం గురించి, నా నోటుబుక్కు గురించి ఒక్క ముక్క లేదు.

అన్నిటికంటే భయపడాల్సిన విషయం వేరే ఉంది. ‘నాటకాల పని ఎక్స్‌పీరియన్స్ కిందికి రాదమ్మా, ఈవెంట్ కంపెనీ సర్టిఫికెట్ ఒకటి చేయిద్దాం, 6,000 అవుతుంది’ అన్నారు. నేను ఒప్పుకోలేదు. మీరు కూడా ఎవరు ఎంత బతిమాలినా ఒప్పుకోవద్దు. తప్పుడు కాగితాలతో వీసాకు పెట్టి దొరికితే యూకే పదేళ్ల దాకా రానివ్వదు. ఏజెంటు పెట్టినా దోషం మన పేరు మీదే పడుతుంది.

పైగా నాటకాల పని ఎక్స్‌పీరియన్స్ కిందికి రాదన్న మాటే అబద్ధం. చెవెనింగ్ అని బ్రిటన్ ప్రభుత్వం 1983 నుంచి ఇస్తున్న స్కాలర్‌షిప్ ఉంది. అది నిజంగా నాయకత్వం చూసి ఇచ్చేది. ఏడాది మాస్టర్స్‌కు ట్యూషన్, నెలనెలా ఖర్చులు, విమానం టికెట్టు ఇస్తారు. డిగ్రీ తర్వాత 2,800 గంటల పని అనుభవం అడుగుతారు. అందులో పార్ట్‌టైమ్, జీతం లేకుండా చేసిన పని కూడా లెక్కే. నా నాటకాల పని అక్కడ చెల్లుతుంది. అప్లికేషన్‌కు ఫీజు లేదు. మామూలుగా ఆగస్టులో తెరిచి అక్టోబరు మొదట్లో మూసేస్తారు, వాళ్ల సొంత వెబ్‌సైట్‌లోనే పెట్టాలి. చదువయ్యాక మన దేశానికి తిరిగొచ్చి కనీసం రెండేళ్లు ఉండాలన్న షరతు ఉంది.

అమెరికాకైతే ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్ ఫెలోషిప్. అందులో కళలు, సంస్కృతి నిర్వహణ, మ్యూజియం చదువులు ఒక రంగంగా పేరు పెట్టి మరీ ఇచ్చారు. మూడేళ్ల ఫుల్‌టైమ్ అనుభవం కావాలి. మనలా మూడేళ్ల డిగ్రీ చేసినవాళ్లకు అది ఒక్కటే సరిపోదు, పీజీ కూడా ఉండాలి. ఈ ఫెలోషిప్‌ను చూసే సంస్థ యూఎస్‌ఐఈఎఫ్‌కు హైదరాబాద్‌లో ఆఫీసుంది, అనుమానాలుంటే వాళ్లనే అడగండి.

శ్రీకాళహస్తి కలంకారీ ఇళ్లవాళ్లకు ఒక మాట. కేంద్ర ప్రభుత్వ నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌లో ఎస్సీలతో పాటు భూమి లేని వ్యవసాయ కూలీల పిల్లలు, సంప్రదాయ చేతివృత్తుల కుటుంబాలు కూడా ఉన్నాయి. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షలు దాటకూడదు. అయితే 2022లో భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర అంశాలను అందులోంచి తీసేశారు. ఇది నాకు చాలా బాధ కలిగించిన విషయం. మీ కోర్సు దాని కిందికి వస్తుందో రాదో ఆ ఏడాది నిబంధనల్లో చూసుకున్నాకే ఆశ పెట్టుకోండి.

ఎవరైనా స్కాలర్‌షిప్ అంటే ముందు అడగాల్సింది ఒకటే. అందులో తిండికి, అద్దెకు నెలనెలా నా చేతికి ఎంత వస్తుంది? జవాబు తడబడితే అది ఫీజు తగ్గింపే. లెటర్ మీదున్న యూనివర్సిటీకి మీరే ఈమెయిల్ రాసి, ఇది అందరికీ ఇస్తున్నారా అని అడగండి. నాకు మూడు రోజుల్లో జవాబు వచ్చింది. ఒరిజినల్స్ మాత్రం ఎవరికీ వదలొద్దు.

ఇప్పటికే మోసపోయినవాళ్లు సిగ్గుపడి ఊరుకోకండి. నేషనల్ కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915. ఫోన్‌పే, గూగుల్‌పేలో కట్టి మోసపోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో, చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫిర్యాదుకు ఫీజు లేదు. నా రశీదు మీద ‘నాన్ రిఫండబుల్’ అని చిన్న అక్షరాల్లో ఉంది. అయినా ఫిర్యాదు వేశాను.

చిన్నాన్నను, మరో ఇద్దరిని వెంటబెట్టుకుని వెళ్లి గంటన్నర కూర్చుంటే సర్టిఫికెట్లు తిరిగిచ్చారు. డబ్బు ఇంకా రాలేదు. వస్తే ఎలా వచ్చిందో ఇక్కడే రాస్తాను. చెవెనింగ్ వ్యాసాలు ఈసారి నేనే రాస్తున్నాను, మాను ఎక్కే మనిషి ఇన్సూరెన్స్ దగ్గర మొదలుపెట్టాను.