పరిగ ఏరే ఆడవాళ్ల కోసం పారిస్ దాకా

పారిస్‌లోని ఓర్సే మ్యూజియం కింది అంతస్తులో ఫ్రెంచి చిత్రకారుడు మిలే వేసిన బొమ్మ ముందు అమ్మ ఆగిపోయింది. పక్కన ఫ్రెంచిలో ఉన్న చీటీని నేనింకా కూడబలుక్కుంటున్నాను. “పరిగ ఏరుతున్నారే అమ్మాయ్” అంది. ముగ్గురు ఆడవాళ్లు. ఎడమవైపు మనిషి ఒక చేత్తో వెన్నులు ఏరుతూ, ఏరినవి పిడికిట్లో పెట్టుకుని రెండో చెయ్యి నడుం వెనక్కి పెట్టుకుంది. “ఆ చెయ్యి చూడు. అట్టా పెట్టుకుంటే నడుం కాస్త ఆగుద్ది. మేమూ అట్టాగే” అంది. దివిసీమలో ముప్ఫై ఏళ్లు నాట్లేసి, కోతలు కోసిన మనిషి. బొమ్మలో దూరంగా బండి నిండా పనలు, పెద్ద పెద్ద కుప్పలు, గుర్రం మీద అజమాయిషీ చేసే మనిషి. పంటంతా అటు పోయింది, వీళ్లకు నేల రాలినవే. 1857లో వేసిన బొమ్మ అది. మారే వెలుగుని అప్పటికప్పుడు రంగుల్లో పట్టుకున్న చిత్రకారుల్ని ఇంప్రెషనిస్టులంటారు. మిలే ఇంప్రెషనిస్టు కాదు, వాళ్ల ముందుతరం వాడు. అయినా ముందు ఆయన్ని చూసి తరవాత ఐదో అంతస్తుకి వెళ్లండి, పైన ఎవరు ఏం మార్చారో అప్పుడు తెలుస్తుంది.

పైన ఇంప్రెషనిస్టు మోనే వేసిన కుప్పలు ఉన్నాయి. 1890-91లో ఇలాంటివి పాతిక దాకా వేశాడు. ‘హేస్టాక్స్’ అన్న ఇంగ్లీషు పేరు చూసి నేను ఇన్నాళ్లూ గడ్డివాములనే అనుకున్నాను. “వాము కాదే, కుప్ప. ఇంకా నూర్చలేదు” అంది అమ్మ. నిజమే, అవి గోధుమ కుప్పలు. వెన్నులు లోపలికి, మొదళ్లు బయటికి పేర్చి, వానకి తడవకుండా పైన గడ్డి కప్పేవాళ్లు. నూర్పిడి యంత్రం ఊరూరూ తిరుగుతూ వచ్చేదాకా నెలల తరబడి అలాగే ఉండేవి. ఆ వెలుగు చూస్తూ ఎంతసేపైనా నిలబడొచ్చు. కానీ కుప్ప వేసిన మనుషులు ఆ బొమ్మలో లేరు.

మనుషుల్ని ఇంకో ఇంప్రెషనిస్టు పిస్సారో దగ్గరే చూశాం. ‘తెల్లని మంచు’, 1873. గట్టిపడిన చాళ్ల మీద ఏటవాలుగా చెట్ల నీడలు, వీపున కట్టెలమోపుతో ఒక ముసలాయన. 1874లో ఇంప్రెషనిస్టుల మొదటి ప్రదర్శనలో పెడితే, మురికి గుడ్డ మీద రంగుల గీకుడని వెక్కిరించారు. క్యాబేజీ మళ్లు వేస్తాడని కూడా తప్పుపట్టారు. ఎనిమిది ఇంప్రెషనిస్టు ప్రదర్శనల్లోనూ బొమ్మలు పెట్టినవాడు ఆయనొక్కడే. భార్య జూలీ ద్రాక్షతోటల వాళ్ల అమ్మాయి. ఇంట్లో కూరగాయలు పండించి, కోళ్లూ కుందేళ్లూ పెంచింది. ఆయన బొమ్మల్లో పనివాళ్లను పైనుంచి చూస్తున్నట్టు ఉండదు. నాకు ఆయన మీద ఇష్టం అక్కడే.

మ్యూజియానికి సోమవారం సెలవు. 2025లో మేం వెళ్లినప్పుడు టికెట్ ఆన్‌లైన్‌లో 16 యూరోలు. గురువారం రాత్రి 9.45 దాకా ఉంటుంది, సాయంత్రం ఆరు దాటితే జనం పలచబడతారు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు ఆ రోజే పెట్టుకోండి.

బస విషయంలో దెబ్బతిన్నాం. ఒక చిన్న హోటల్లో లిఫ్ట్ ఉందని రాసి ఉంటే నమ్మాను. వెళ్లాక అది పాడైందన్నారు, నాలుగో అంతస్తు. మోకాళ్ల నొప్పులున్న మనిషి రోజుకు రెండుసార్లు ఎక్కిదిగింది. గది మార్చమని మూడురోజులు అడిగినా ఎవరూ పట్టించుకోలేదు. బుక్ చేసేముందే ఫోన్ చేసి అడగండి. కానీ చోటు మంచిది: గార్ ద్యు నార్ స్టేషన్ నుంచి లా షాపెల్ వైపు నడిస్తే శ్రీలంక తమిళుల హోటళ్లు వరసగా ఉంటాయి. రాత్రి వేడన్నం, సాంబారు దొరికాయి. అమ్మకి ప్రాణం లేచొచ్చింది.

అదే స్టేషన్ నుంచి పాంత్వాజ్‌కి రైలుంది. 2025 జూన్‌లో మేం వెళ్లినప్పుడు పారిస్ ప్రాంతమంతటికీ రైలు టికెట్ 2.50 యూరోలే. పిస్సారో ఏళ్ల తరబడి ఉన్న ఊరు ఇది. లెర్మితాజ్ పేటలో నడిస్తే బొమ్మల్లోని ఏటవాలు దారులు, రాతిగోడలు ఇంకా కనిపిస్తాయి. చిన్న ఊరు, కొండెక్కాలి, జనం తక్కువ. ఒక పెరట్లో చిక్కుడు పందిరి చూసి అమ్మ గోడ పట్టుకుని చాలాసేపు నిలబడింది. ఈ యాత్రలో నాకు అన్నిటికన్నా నచ్చిన పూట అదే.

మోనే ఇల్లు ఉన్న జివెర్నీకీ వెళ్లాం. వెర్నోన్‌లో దిగాలి, అది నార్మండీ, కాబట్టి ఆ పారిస్ ప్రాంతపు టికెట్ చెల్లదు. తోట అందమైనదే, కానీ వరసలో నడవడమే తప్ప నిలబడనివ్వరు. ఒక్కరోజే ఉంటే నేనైతే పాంత్వాజ్‌కే వెళ్తాను.

బార్బిజాన్‌కి రైలు లేదు. ఫాంతెన్‌బ్లో-ఆవోన్‌లో దిగి టాక్సీ. మిలే 1849 నుంచి చనిపోయేదాకా ఉన్న ఊరు. అక్కడి మ్యూజియానికి మంగళవారం సెలవు. ప్రధాన వీధి నిండా ఇప్పుడు గ్యాలరీలు, ఖరీదైన భోజనాలు. దానికోసం అంత దూరం అక్కర్లేదు. ఊరు దాటి, పక్కూరు షైయీ వైపు చేలల్లోకి నడవండి. మిలే సమాధి కూడా షైయీలోనే. మేం వెళ్లేసరికి గోధుమ ఇంకా పూర్తిగా పండలేదు. అమ్మ గట్టున వంగి ఒక వెన్ను పట్టుకుని గింజ నొక్కి చూసింది. “ఇంకో మూడు వారాలు” అంది.

ఈసారి జూలైలో రావాలంటోంది. కోసేది యంత్రాలేనని చెప్పాను. సరేగానీ, కోతయ్యాక చేలో ఏమైనా మిగుల్చుతారో లేదో చూడాలంది.