బీటెక్ మొదటి ఏడాదిలో సి మీద కూర్చోవాలా, పైథాన్ పట్టుకోవాలా?

కాలేజీలో చెప్పే ప్రోగ్రామింగ్ భాష సి. సీనియర్లు, యూట్యూబ్ వీడియోలు చెప్పేది పైథాన్. ఇంటర్ ఎంపీసీ చదివి, బీటెక్‌లోనే మొదటిసారి కోడ్ రాస్తున్నవాళ్లకు ఇక్కడే టెన్షన్ మొదలవుతుంది.

రెండింటి తేడా తెలియాలంటే ల్యాబ్‌లో అందరూ రాసే ఫ్యాక్టోరియల్ (1 నుంచి ఆ సంఖ్య వరకు అన్నిటి గుణకారం) ప్రోగ్రామ్ చాలు. సిలో ఇంట్ (పూర్ణ సంఖ్యలు దాచే రకం) పెట్టి రాస్తే 12 వరకు జవాబు సరిగ్గానే వస్తుంది. 13 ఇస్తే 6227020800 రావాలి కదా, మామూలుగా వచ్చేది 1932053504. ఎర్రర్ ఏమీ ఉండదు, తప్పు జవాబునే ధీమాగా చూపిస్తుంది. నాలుగు బైట్ల ఇంట్‌లో 2147483647 కంటే పెద్ద సంఖ్య పట్టదు మరి. ఇంకా టర్బో సి అనే పాత కంపైలర్ నడిపే ల్యాబుల్లో ఇంట్ రెండు బైట్లే కాబట్టి 8 దగ్గరే మైనస్ 25216 అని వస్తుంది. పైథాన్‌లో ఈ గొడవే లేదు. 100 ఇచ్చినా 158 అంకెల జవాబు పూర్తిగా ఇచ్చేస్తుంది.

పని కావాలంటే పైథానే హాయి, అందులో వాదన లేదు. కానీ 13 దగ్గర లెక్క ఎందుకు తప్పిందో పట్టుకున్న విద్యార్థికి బైట్లు, మెమరీ ఎవరూ విడిగా చెప్పక్కర్లేదు. రెండో ఏడాది డేటా స్ట్రక్చర్స్‌లో పాయింటర్లతో (మెమరీ అడ్రసులతో) నడిచే లింక్డ్ లిస్ట్ వచ్చినప్పుడు, ఇది తెలిసినవాళ్లకూ తెలియనివాళ్లకూ తేడా కనిపిస్తుంది. సీబీఎస్‌ఈలో పైథాన్ చదివి వచ్చిన కొందరు 'ఇదంతా మనకు తెలిసిందే' అని సి క్లాసులు వదిలేసి, పాయింటర్ల దగ్గర ఆగిపోతారు.

సికి ఓపిక కావాలి. ఇన్‌పుట్ తీసుకునే స్కాన్‌ఎఫ్‌లో యాంపర్‌సాండ్ (&) మరిచిపోతే ప్రోగ్రామ్ కూలిపోవచ్చు. అరే (array, వరుసగా దాచిన విలువలు) హద్దు దాటినా సి అడ్డు చెప్పదు. పైథాన్ అయితే తప్పు ఏ లైన్లో ఉందో చెప్పి ఆగుతుంది. కోడింగ్ అంటేనే భయం ఉన్నవాళ్లు ముందు కొన్నాళ్లు పైథాన్ రాసి, లూపులు, ఫంక్షన్లు అలవాటయ్యాక సికి రావడంలో తప్పు లేదు.

సొంత ఆసక్తికి మాత్రం పైథాన్‌దే పైచేయి. క్రికెట్ స్కోర్లను విడదీసి చూడొచ్చు, ఫోన్‌లోని వందల ఫొటోల పేర్లు ఒకేసారి మార్చొచ్చు. ఫిజిక్స్ ల్యాబ్ రీడింగులకు మ్యాట్‌ప్లాట్‌లిబ్ అనే పైథాన్ లైబ్రరీతో పది లైన్లలో గ్రాఫ్ వస్తుంది. (రికార్డులో మాత్రం గ్రాఫ్ షీట్ మీద పెన్సిల్‌తోనే గీయమంటారనుకోండి.)

బ్రాంచిని బట్టి నా లెక్క ఇది. ఈసీఈ, ట్రిపుల్ఈ వాళ్లకు మైక్రోకంట్రోలర్ల (పరికరాలను నడిపే చిన్న చిప్‌ల) దగ్గర మళ్లీ సితోనే పని, కాబట్టి దాన్ని వదలొద్దు. సివిల్, మెకానికల్ వాళ్లు పరీక్షకు సరిపడా సి చదివి, మిగతా సమయం పైథాన్‌కు ఇస్తే మేలు. సీఎస్‌ఈ వాళ్లు ముందు సి పూర్తిచేసి, సెమిస్టర్ సెలవుల్లో పైథాన్ మొదలుపెట్టాలి. రెండూ ఒకేసారి పెట్టుకుంటే సిలో సెమికోలన్లు మరిచిపోవడం, పైథాన్‌లో పెట్టేయడం తప్ప మొదట్లో ఒరిగేదేమీ ఉండదు.

గేట్ రాసే ఆలోచన ఉంటే సిలబస్ కూడా చూసుకోండి. కంప్యూటర్ సైన్స్ పేపర్లో ప్రోగ్రామింగ్ అంటే సి, 2024లో మొదలైన డేటా సైన్స్, ఏఐ పేపర్లో పైథాన్.