ఫిలడెల్ఫియాలో హాలు, పొందూరులో అరుగు

మాది శ్రీకాకుళం. పుట్టింది పెరిగింది ఉద్యోగం చేసి రిటైరయింది అన్నీ ఇక్కడే, అయినా బుడితి ఎప్పుడూ వెళ్ళలేదు, పొందూరు అంటే రైలు ఆగే స్టేషనుగానే తెలుసు, చీరలు మాత్రం కొట్లో కొనుక్కునేదాన్ని. ఈ సంక్రాంతి తర్వాత మా వదినా నేనూ కలిసి రెండు రోజులు కారు మాట్లాడుకుని కంచుపని బుడితి, ఖాదీ పొందూరు, వీణల బొబ్బిలి తిరిగొచ్చాం. ఆ వివరాలు రాద్దామనే ఇది, కానీ ముందు ఫిలడెల్ఫియా సంగతి చెప్పాలి, ఎందుకంటే బుద్ధి పుట్టింది అక్కడే.

నవంబర్లో అమెరికాలో మా అమ్మాయి దగ్గర ఉన్నప్పుడు "అమ్మా, చేత్తో చేసినవంటే నీకు ఇష్టం కదా, రా" అని ఒక క్రాఫ్ట్ షోకి తీసుకెళ్ళింది. ఊరి మధ్యలో పెన్సిల్వేనియా కన్వెన్షన్ సెంటర్ అని పెద్ద హాలు, అందులో ఏటా నవంబర్లో జరుగుతుంది. 1977 నుంచి జరుపుతున్నారట. ఫిలడెల్ఫియా మ్యూజియం ఆఫ్ ఆర్ట్‌కి అనుబంధంగా ఉన్న ఉమెన్స్ కమిటీ ఆడవాళ్ళే మొత్తం నడుపుతారు, వచ్చిన డబ్బు మ్యూజియంకి వెళ్తుంది, దాంతో చేతిపని వస్తువులు కొంటారు, పిల్లలకి చదువు కార్యక్రమాలు పెడతారు. దేశమంతా నుంచి అప్లికేషన్లు వస్తే జ్యూరీ కూర్చుని ఏరుతుంది, 195 మంది దాకా ఉంటారు. మట్టి, గాజు, చెక్క, లోహం, నగలు, బుట్టలు, నేత, తోలు, కాగితం ఒక్కో పనివాళ్ళు ఒక్కో చిన్న స్టాల్లో. ప్రతి స్టాలు పైనా చేసినవాళ్ళ పేరు పెద్దక్షరాల్లో. కంపెనీ పేరు కాదు, మనిషి పేరు. ఆ మనిషే అక్కడ నిలబడి ఉంటారు.

వెళ్ళేవాళ్ళకి రెండు మాటలు. కారులో వెళ్తే పార్కింగ్‌కే బోలెడు అవుతుంది, సెప్టా లోకల్ ట్రైన్లో జెఫర్సన్ స్టేషన్లో దిగితే నడిచిపోవచ్చు. తిండికి ఎదురుగానే రెడింగ్ టెర్మినల్ మార్కెట్, 1893 నాటిది, శాకాహారులకి కూడా ఏదో ఒకటి దొరుకుతుంది, కాకపోతే మధ్యాహ్నం నిలబడ్డానికి చోటుండదు, పదకొండున్నరకే తినేస్తే మంచిది. షోలో కుర్చీలు తక్కువ, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు మధ్యమధ్యలో కూర్చోడానికి చోటు ముందే చూసుకోండి. ధరలు మనకి ఎక్కువే, కానీ చూడ్డానికీ మాట్లాడ్డానికీ ఎవరూ కాదనరు. మర్నాడు మ్యూజియంకి కూడా వెళ్ళాం, మెట్లు 72, ఎక్కలేనివాళ్ళకి వేరే దారి ఉంది. లోపల మధురై నుంచి వెళ్ళిన గుడి మండపం ఉంది, 1912లో అక్కడి ఒకావిడ మధురై వచ్చినప్పుడు ఆ రాతి స్తంభాలు కొందట, ఆవిడ పోయాక 1919లో ఇంటివాళ్ళు మ్యూజియంకి ఇచ్చేశారు. చలి దేశంలో మన రాతి స్తంభాల మధ్య నిలబడితే నాకు చాలాసేపు మాట రాలేదు.

అసలు విషయం ఇది. షోలో ఒక నేతావిడ శాలువా నా చేతికిచ్చి పట్టుకు చూడమంది. చూసి, మా ఊరి దగ్గర పొందూరులో పత్తిని చేప దవడతో దువ్వుతారండీ అని మా అమ్మాయి చేత చెప్పించాను. ఆవిడ మొహం వెలిగిపోయింది, ఎలా పట్టుకుంటారు, ఎటువైపు దువ్వుతారు, పళ్ళు ఎంతుంటాయి అని వరసగా అడిగింది. నేను ఒక్కదానికీ చెప్పలేకపోయాను. ఎప్పుడూ చూళ్ళేదు కదా. ఆవిడ కార్డిచ్చి, చూసినప్పుడు వీడియో పంపమని అడిగింది. తిరుగు ఫ్లైట్లో అంతా అదే మనసులో.

ఇక మన ఊరు. మొదటిరోజు పొద్దున్న ఏడింటికి బయల్దేరి ఆమదాలవలస, సరుబుజ్జిలి మీదుగా బుడితి. మాట్లాడుకున్న కారు బానే ఉంది, డ్రైవర్ కుర్రాడు ఈ చుట్టుపక్కలవాడే, ఫోన్లో మ్యాప్ ఒక దారి చూపిస్తే "ఆ రోడ్డు వద్దమ్మా, గోతులు" అని వేరే దారిన తీసుకెళ్ళాడు, స్థానికుణ్ణి పెట్టుకుంటే ఎంత తేడానో అప్పుడు తెలిసింది. బుడితిలో కంచు, ఇత్తడి పని. రాగిలో తగరం కలిస్తే కంచు, తుత్తునాగం కలిస్తే ఇత్తడి, బళ్ళో నేనే పిల్లలకి చెప్పిన పాఠం, కొలిమి దగ్గర నిలబడి చూస్తే వేరేగా అనిపించింది. ఈ పని ఈ ఊరిదే అని ప్రభుత్వం ఇచ్చే జీఐ గుర్తింపు ఉన్న పని ఇది, కానీ ఊళ్ళో ఎక్కడా ఒక బోర్డు కనబళ్ళేదు, సుత్తి చప్పుడు విని ఇల్లు పట్టుకోవాలి. ఒక చిన్న చెంబు, రెండు దీపపు కుందులు తీసుకున్నాం, డబ్బు ఫోన్లోనే కొట్టాం. బేరం ఆడొద్దని వదినకి ముందే చెప్పాను, ఫిలడెల్ఫియాలో నోరెత్తకుండా కట్టి ఇక్కడ వంద తగ్గించమనడం న్యాయం కాదు కదా.

పొందూరు చేరేసరికి ఒంటిగంట. ఇక్కడే మా పొరపాటు, మీరు చెయ్యకండి, పొద్దున్నే వెళ్ళండి, మధ్యాహ్నం చాలామంది వంటల్లో ఉంటారు. ముందు ఆంధ్రా ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘానికి వెళ్ళాం, 1949 నుంచి ఉంది. అక్కడివాళ్ళని అడిగితే ఒక వీధి చెప్పారు. మూడో ఇంటి అరుగు మీద ఒక పెద్దావిడ పని చేసుకుంటోంది. "రా అమ్మా, కూకో. ఏ ఊరేటి?" అంది. శ్రీకాకుళమే అన్నాను. "సిక్కోలేనా? మరిన్నాళ్ళూ రానేదేటి?" అంది. ఏం చెప్పను.

వాలుగ చేప దవడ. నా చిటికెన వేలంత ఉంటుందేమో, చిన్న పుల్లకి కట్టి ఉంది, పళ్ళు ఎంత సన్నగా ఎంత దగ్గర దగ్గరగా ఉన్నాయంటే కళ్ళజోడు తీసి దగ్గరగా పెట్టుకుంటేగానీ విడివిడిగా కనబళ్ళేదు, వేలితో రాస్తే పిల్లి నాలుకలా గరగరమంది. ఎడమచేత్తో గింజతో ఉన్న కొండపత్తి ఒక్కో ముద్ద పట్టుకుని కుడిచేత్తో దువ్వుతోంది, గింజ అలాగే ఉంటుంది, చుట్టూ దూది మాత్రం తలదువ్విన పసిపిల్ల జుట్టులా ఒక్కవైపుకి వాలిపోతుంది, నలక చెత్త అంతా పళ్ళకి పట్టుకుంటుంది. ఆ తర్వాత చిన్న ఇనప కడ్డీతో దొర్లించి గింజ తీస్తారు, ఏకుతారు, ఏకులు చేసి ఎండిన అరటి డొప్పలో పెట్టుకుంటారు మట్టి అంటకుండా, అప్పుడు రాట్నం. వంద కౌంటు నూలు, అంటే చాలా సన్నటి నూలు, తీస్తారు ఈ చేతులతోనే. గాంధీ గారు వాళ్ళబ్బాయి దేవదాసుని ఈ పని చూసి రమ్మని పంపారంటే ఊరికే కాదు. ఆవిడ నా చేతికిచ్చి దువ్వమంది, నా చేతిలో దూది చిరిగిపోయింది, ఆవిడ నా వేళ్ళు పట్టుకుని "ఇలగ, నెమ్మదిగ" అని చూపించింది. వదిన వీడియో తీసింది.

అరగంట అనుకున్నది రెండు గంటలు కూర్చున్నాం, మజ్జిగిచ్చారు, బాత్రూం కూడా వాళ్ళింట్లోనే వాడుకోమన్నారు, బయట ఎక్కడా సదుపాయం లేదు కాబట్టి ఆడవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. చీర ఒకటి, మావారికి పంచె ఒకటి సంఘం షాపులోనే బిల్లుతో కొన్నాం. ఖాదీ అని బయట అమ్మేవన్నీ పొందూరువి కావు.

రాత్రికి చీపురుపల్లి మీదుగా విజయనగరం. ఆన్‌లైన్లో లిఫ్టు ఉంది, వేణ్ణీళ్ళున్నాయి అని చూసి ఒక లాడ్జి బుక్ చేశాం. లిఫ్టు పనిచెయ్యట్లేదు, రూము మూడో అంతస్తు, వేణ్ణీళ్ళు పొద్దున్న రెండు గంటలే. వదిన మోకాళ్ళు చూసి కౌంటర్లో అబ్బాయి కింద రూము ఇచ్చాడు గానీ అది రోడ్డువైపు, తెల్లవార్లూ లారీలు. దుప్పట్లు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. మళ్ళీ వెళ్తే బుక్ చేసేముందు ఫోన్ చేసి లిఫ్టు గురించి అడుగుతాను. పొద్దున్న గంటస్తంభం దగ్గర చిన్న హోటల్లో తిన్న ఇడ్లీ, అల్లం చట్నీ మాత్రం రాత్రి నిద్ర లేని బాధంతా మరిపించాయి.

రెండోరోజు బొబ్బిలి పక్కన గొల్లపల్లి. వీణల ఊరు. ఒకే పనస దుంగలోంచి కుండ, దండి అంతా తొలుస్తారు, ఇరవై నాలుగు మెట్లు మైనం మీద ఒక్కోటీ శృతి చూసుకుంటూ నిలబెడతారు. పెద్ద వీణ కొనేవాళ్ళు తక్కువై ఇప్పుడు గిఫ్టులకిచ్చే బుల్లి వీణలే ఎక్కువ చేస్తున్నారు. అవి ముద్దుగానే ఉన్నాయి, కానీ మూల ఆనించి ఉన్న పూర్తికాని పెద్ద వీణ మీద ఆ మాస్టారు వేలితో తట్టి వినిపించినప్పుడు వచ్చిన నాదం విన్నాక బుల్లివి చూడాలనిపించలేదు. విజయనగరంలో 1919 నుంచి సంగీత కళాశాల ఉంది, కోట ఉంది, హాళ్ళకి కొదవ లేదు. ఏడాదికి మూడు రోజులు ఈ మూడు ఊళ్ళవాళ్ళనీ, సవర గిరిజనుల బొమ్మలు వేసేవాళ్ళనీ ఒకచోట కూర్చోబెట్టి, టిక్కెట్టు పెట్టి, ఆ డబ్బు వాళ్ళ పని భద్రపరిచే ఒక మ్యూజియంకి పోగెయ్యలేమా? నేనైతే టిక్కెట్లు చింపే పనికైనా రెడీ, మా వదిన కూడా.

ఇంటికొచ్చాక వీడియో మా అమ్మాయికి పంపాను, అది ఆ నేతావిడకి పంపింది. నాలుగో రోజు జవాబొచ్చింది. చాలాసార్లు చూసిందట, వాళ్ళ క్లాసులో పిల్లలకి కూడా చూపిస్తుందట. చివర్లో ఒక్క ప్రశ్న అడిగింది, ఈ పెద్దావిడ పేరేంటి, పేరు చెప్పకుండా ఎలా చూపించను అని.

రెండు గంటలు ఆవిడ అరుగు మీద కూర్చుని, ఆవిడ మజ్జిగ తాగి, పేరు అడగలేదు నేను. వచ్చే బుధవారం పలాస ప్యాసింజర్‌లో పొందూరు వెళ్తున్నాను, ఈసారి పొద్దున్నే.